టెక్నికల్ కెమెరాకి కొత్త బ్యాక్ కొనే ముందు మీ లెన్సులు బయటపెట్టండి

నేను తీసేవి గుళ్ల ఫోటోలు. కాకతీయుల గుళ్లు ఎక్కువ, వీలు దొరికితే లేపాక్షి వైపు వెళ్తాను. కెమెరా కాంబో వైడ్ ఆర్‌ఎస్. ఇది టెక్నికల్ కెమెరా, అంటే సెన్సర్ ఉన్న పెట్టెని (దాన్నే బ్యాక్ అంటాం) వెనక విడిగా తగిలించి, పైకీ పక్కలకీ జరుపుకునే రకం. లెన్సులు రెండు: ష్నైడర్ అపో డిజిటార్ 35 ఎక్స్‌ఎల్, రోడెన్‌స్టాక్ హెచ్‌ఆర్ డిజరాన్ డబ్ల్యూ 70. చాలా ఏళ్లు వాడిన సీసీడీ (పాత తరం సెన్సర్) బ్యాక్‌కి వయసు మీద పడడంతో దాని స్థానంలో ఇంకోటి వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ వెతుకులాటలో తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇప్పటికే కెమెరా, లెన్సులు ఉండి బ్యాక్ మాత్రమే మార్చాలనుకునేవాళ్ల కోసం ఇది.

ముందే ఒక మాట. బ్యాక్‌ని లెన్సుని బట్టి కొనాలి. అందులోనూ మీ దగ్గరున్న అన్నిటికంటే వైడ్ లెన్సుని బట్టి, దాన్ని మీరు ఎంత జరుపుతారన్నదాన్ని బట్టి కొనాలి. ఈ మధ్య విజయవాడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, మెగాపిక్సెల్స్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదే కదా?" అన్నాడు. మామూలు కెమెరాకైతే ఆ మాట చాలావరకు నడుస్తుంది. టెక్నికల్ కెమెరాకి నడవదు. ఈ కెమెరాలో అద్దం లేదు, వ్యూఫైండర్ లేదు, ముందు లెన్సు, వెనక సెన్సర్, మధ్యలో మిల్లీమీటర్ల లెక్కన జరిగే పలక. లెన్సు నుంచి వచ్చే వెలుతురు సెన్సర్ మీద ఎంత వాలుగా పడినా దాన్ని సరిచేసే ఏర్పాటు మధ్యలో ఏదీ లేదు. అందుకే ఒక లెన్సుతో అద్భుతంగా పనిచేసే బ్యాక్, ఇంకో లెన్సుతో అసలు పనికిరాకుండా పోతుంది.

ముందు ప్లేట్ చూసుకోండి

ఇది చిన్న విషయం, కానీ ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. డిజిటల్ బ్యాక్‌లు ఏదో ఒక మీడియం ఫార్మాట్ కెమెరా మౌంట్‌తో వస్తాయి: హాసెల్‌బ్లాడ్ వి, హాసెల్‌బ్లాడ్ హెచ్, మామియా 645 (ఫేజ్ వన్ కూడా ఇదే), కాంటాక్స్ 645. మీ టెక్నికల్ కెమెరా వెనకున్న అడాప్టర్ ప్లేట్ వీటిలో ఏదో ఒకదానికే సరిపోతుంది. బ్యాక్ మౌంట్ వేరైతే ప్లేట్ కూడా మార్చాలి, ఆ ప్లేట్ చవకేం కాదు. పాత బ్యాక్ తీసి ప్లేట్ మీద ఏముందో చూసి, ఫోటో తీసి పెట్టుకోండి. బేరం మాట్లాడేటప్పుడు ఆ ఫోటోనే పంపండి. "ఫేజ్ వన్ బ్యాక్" అన్నంత మాత్రాన మౌంట్ ఏదో తెలిసిపోదు, ఒకే మోడల్ నాలుగు రకాల మౌంట్లలో అమ్ముడైన సందర్భాలున్నాయి.

నా ప్లేట్ హాసెల్‌బ్లాడ్ విది. నా నిర్ణయంలో దీని వాటా తక్కువేం కాదు.

ఇమేజ్ సర్కిల్ లెక్క

లెన్సు వెనక్కి పంపే బొమ్మ గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రం ఎంత పెద్దదైతే సెన్సర్‌ని అందులో అంత దూరం జరపొచ్చు. 35 ఎక్స్‌ఎల్‌కి ఎఫ్ 11 దగ్గర (లెన్సు రంధ్రాన్ని అంతవరకు మూస్తే) ఈ గుండ్రం, అంటే ఇమేజ్ సర్కిల్, 90 మి.మీ. అంటే మధ్య నుంచి అంచుకి 45 మి.మీ. ఇప్పుడు మూడు సైజుల సెన్సర్లని ఇందులో అడ్డంగా పెట్టి, ఎంత రైజ్ (పైకి జరిపే వీలు) దొరుకుతుందో లెక్కేద్దాం.

పైథాగరస్ సూత్రం చాలు. సెన్సర్ వెడల్పులో సగం తీసుకుని వర్గం చేయండి, 45 వర్గం నుంచి తీసేయండి, మిగిలినదానికి వర్గమూలం చూడండి, అందులోంచి సెన్సర్ ఎత్తులో సగం తీసేయండి. ఫేజ్ వన్ ఐక్యూ4 150 సెన్సర్ 53.4×40 మి.మీ. దానికి 16 మి.మీ. రైజ్ వస్తుంది. పాత 39 మెగాపిక్సెల్ తరం సెన్సర్లు 49×37, వాటికి 19. హాసెల్‌బ్లాడ్ సీఎఫ్‌వీ 100సీ సెన్సర్ 43.8×32.9, దానికి దాదాపు 23 వస్తుంది. కాకపోతే కాంబో వైడ్ ఆర్‌ఎస్ ఎటైనా 20 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది.

ఈ లెక్క వేసేదాకా చిన్న సెన్సర్ అంటే నాకు మనసొప్పలేదు. 35 లెన్సుకి పెద్ద సెన్సర్ మీద అడ్డంగా 75 డిగ్రీలు కనిపిస్తే, చిన్నదాని మీద 64 డిగ్రీలే కనిపిస్తుంది. గుడి ముందు వెనక్కి జరగడానికి చోటుండదు కాబట్టి ఆ 11 డిగ్రీలు పెద్ద నష్టంలా అనిపించింది. కానీ గుడికి కావాల్సింది ఎత్తు. కెమెరా నిటారుగా, లెవెల్‌లో ఉండాలి, శిఖరం ఫ్రేములోకి రావాలి. పెద్ద సెన్సర్‌ని 16 మి.మీ. పైకి జరిపినా, చిన్నదాన్ని 20 మి.మీ. జరిపినా, ఫ్రేము పై అంచు చేరేది దాదాపు ఒకే చోటికి: నేలకి సమాంతర రేఖ నుంచి 46 డిగ్రీల పైకి. మనకి పైన హద్దు గీసేది సర్కిల్, సెన్సర్ కాదు. చిన్న సెన్సర్ వల్ల పోయేది పక్కల వెడల్పు, కింద కాస్త నేల.

ఆ వెడల్పుని కూడా వెనక్కి తెచ్చుకోవచ్చు. లెన్సుని కదపకుండా సెన్సర్‌ని ఎడమకి 10, కుడికి 10 మి.మీ. జరిపి రెండు ఫ్రేములు తీసి కలిపితే 64×33 మి.మీ. బొమ్మ వస్తుంది, దాదాపు 85 డిగ్రీలు. అయినా పైకి 15 మి.మీ. రైజ్ మిగులుతుంది. లెన్సు కదలలేదు కాబట్టి రెండు ఫ్రేములు అతుకు తెలియకుండా కలుస్తాయి. మనుషులు తిరుగుతుంటేనో, మబ్బులు పరుగెడుతుంటేనో ఇది కుదరదు. రాయి కదలదు కాబట్టి నాకు కుదురుతుంది. పెళ్లి మండపాలు, హోటల్ లాబీలు తీసేవాళ్లు పెద్ద సెన్సర్ వైపు చూడడమే న్యాయం.

మీ ప్రతి లెన్సుకీ ఈ లెక్క కాగితం మీద వేసుకోండి. రోడెన్‌స్టాక్ 32, 40 హెచ్‌ఆర్ డబ్ల్యూలకి సర్కిల్ 90, 70కి 100, ష్నైడర్ 60 ఎక్స్‌ఎల్‌కి 120. చిన్న జాగ్రత్త: సర్కిల్ చివరి మిల్లీమీటర్లలో షార్ప్‌నెస్ తగ్గుతుంది. 90 అని రాసి ఉంటే 84, 85 వరకే నమ్మి ప్లాన్ చేసుకోండి.

వాలు వెలుతురు, కలర్ కాస్ట్

అసలు సంగతి ఇక్కడుంది. ఓపిగ్గా చదవండి.

35 ఎక్స్‌ఎల్ లాంటి ష్నైడర్ వైడ్ లెన్సులు దాదాపు రెండు వైపులా ఒకేలా ఉండే నిర్మాణం. చిన్నవి, తేలికైనవి. నిలువు స్తంభాన్ని నిలువుగానే చూపిస్తాయి, వంపు దాదాపు ఉండదు. కానీ వాటి వెనక గాజు సెన్సర్‌కి బాగా దగ్గరగా వస్తుంది. అందువల్ల ఫ్రేము అంచుల్లో వెలుతురు చాలా వాలుగా పడుతుంది. షిఫ్ట్ చేస్తే, అంటే సెన్సర్‌ని ఎటైనా జరిపితే, ఆ వాలు ఇంకా పెరుగుతుంది. రోడెన్‌స్టాక్ హెచ్‌ఆర్ వైడ్ లెన్సులు రెట్రోఫోకస్ రకం, వెనక గాజు దూరంగా ఉంటుంది కాబట్టి వెలుతురు కాస్త నిటారుగా వస్తుంది. వాటి బరువూ, ధరా ఎక్కువే.

ఇక సెన్సర్ వైపు చూద్దాం. పాత రకం సీమాస్ (సీసీడీ తర్వాతి తరం) సెన్సర్లలో ప్రతి పిక్సెల్ మీదా తీగల పొర ఉంటుంది, వెలుతురు పట్టే భాగం దాని అడుగున ఉంటుంది. నడిమధ్యాహ్నం ఎండ బావి అడుగుదాకా పడుతుంది, సాయంత్రం ఎండ గోడకి తగిలి ఆగిపోతుంది. ఇక్కడ జరిగేదీ అంతే. నిటారుగా వచ్చిన వెలుతురు సరిగ్గా అందుతుంది. వాలుగా వచ్చినది గోడకి తగిలి కొంత పోతుంది, కొంత పక్క పిక్సెల్‌లోకి జారుతుంది. పక్క పిక్సెల్ వేరే రంగు ఫిల్టర్ కింద ఉంటుంది కదా, అందుకే ఫ్రేములో ఒక పక్క గులాబీ, ఇంకో పక్క ఆకుపచ్చ తేలతాయి. దీన్నే కలర్ కాస్ట్ అంటాం.

దీనికి మందు ఎల్‌సీసీ. పాలరంగు అక్రిలిక్ పలకని లెన్సు ముందు ఆనించి, అదే ఎఫ్ నంబర్‌లో, అదే షిఫ్ట్‌లో, ఎక్స్‌పోజర్ కొంచెం పెంచి ఒక ఫ్రేము తీస్తాం. ఆ ఖాళీ ఫ్రేములో కనిపించే రంగు మచ్చల్ని, అంచుల చీకటిని క్యాప్చర్ వన్ అనే సాఫ్ట్‌వేర్ కొలిచి అసలు ఫోటోలోంచి తీసేస్తుంది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఇదే పనికి ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్ ఉంది. రైజ్ మార్చిన ప్రతిసారీ కొత్త ఎల్‌సీసీ తీయాల్సిందే, బద్ధకించకూడదు.

కానీ ఎల్‌సీసీ ఉంది కదా అని ఏ బ్యాక్ అయినా పర్లేదనుకోవద్దు. అది రంగుని సరిచేస్తుంది, పోయిన వివరాన్ని తేలేదు. మూలలో వెలుతురు 3 స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి సగం చొప్పున) పడిపోతే, దాన్ని 8 రెట్లు పెంచి చూపిస్తుంది, దాంతోపాటు నాయిస్ కూడా పైకి లేస్తుంది. పక్క పిక్సెల్‌లోకి జారిన రంగుని వేరు చేయడం దానికి చేతకాదు. రామప్ప గుడి బయటి చూరు కింద నల్లరాతి మదనికలు ఉంటాయి. రైజ్ పెట్టి తీసినప్పుడు అవి సరిగ్గా ఫ్రేము పై అంచులోకి వస్తాయి, అంటే సెన్సర్ అన్నిటికంటే బలహీనంగా ఉండే చోటుకి. నునుపైన నల్లరాయి మీద సన్నని వెలుగు గీతలు, నగల అంచులు, పక్కనే ఎర్రటి ఇసుకరాయి. కాస్ట్ ఎక్కువైన బ్యాక్‌తో తీసి ఎల్‌సీసీ వేస్తే ఎర్రరాయి బూడిద రంగుకి తిరుగుతుంది, నల్లరాయిలో పొడిపొడిగా నాయిస్ లేస్తుంది. మధ్యలో స్తంభాలు ఎంత బాగున్నా ఆ ఫోటో పుస్తకానికి పనికిరాదు.

ఇప్పుడు ఏ సెన్సర్ ఏ లెన్సుతో కుదురుతుందో చెప్తాను.

పాత సీసీడీల్లో 6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఆపై పిక్సెల్ ఉన్నవి (ఫేజ్ వన్ పీ65 ప్లస్, ఐక్యూ160, ఐక్యూ260, లీఫ్ క్రెడో 60) ష్నైడర్ వైడ్ లెన్సులతో మర్యాదగానే నడుస్తాయి. 2011లో వచ్చిన ఐక్యూ180లో పిక్సెల్ 5.2 మైక్రాన్లకి తగ్గింది, 80 మెగాపిక్సెల్స్ వచ్చాయి, కానీ 35 ఎక్స్‌ఎల్‌తో కాస్త ఎక్కువ జరిపితే కాస్ట్ ముదురుతుంది. రోడెన్‌స్టాక్‌తో అయితే ఆ బ్యాక్ ఇప్పటికీ గొప్పది. 2014లో ఐక్యూ250తో 50 మెగాపిక్సెల్ సీమాస్ వచ్చింది. క్రెడో 50, సీఎఫ్‌వీ 50సీ, సీఎఫ్‌వీ II 50సీ కూడా అదే తరం. లైవ్ వ్యూ (సెన్సర్ చూస్తున్నది అప్పటికప్పుడు తెర మీద కనిపించడం) చక్కగా ఉంటుంది, ఐఎస్‌ఓ పెంచినా బాగుంటుంది. అయితే ష్నైడర్ వైడ్ లెన్సులతో షిఫ్ట్ చేసే పనైతే వీటి జోలికి పోవద్దు. 2016 నాటి ఐక్యూ3 100 కూడా తీగలు పైనున్న రకమే. రోడెన్‌స్టాక్ ఉన్నవాళ్లకి సెకండ్ హ్యాండ్‌లో అది మంచి ఎంపిక.

పరిస్థితి మారింది 2018లో ఐక్యూ4 150తో. అందులో సెన్సర్ బ్యాక్ ఇల్యూమినేటెడ్. తీగల పొర కిందికి పోయింది, వెలుతురు పట్టే భాగం పైకి వచ్చింది. పిక్సెల్ 3.76 మైక్రాన్లే అయినా వాలు వెలుతురుని బాగా తట్టుకుంటుంది. 2024 జనవరిలో వచ్చిన సీఎఫ్‌వీ 100సీలోనూ ఇదే తరహా, ఇదే 3.76 మైక్రాన్ల పిక్సెల్, సైజు మాత్రం 44×33. ఎన్నాళ్లో పక్కన పడున్న ష్నైడర్ లెన్సులకి ఈ రెండూ మళ్లీ ప్రాణం పోశాయి. కాస్ట్ పూర్తిగా పోదు, ఎల్‌సీసీ తీయడం మానలేం. కానీ ఎల్‌సీసీ వేశాక ఎర్రరాయి ఎర్రగానే ఉంటుంది.

ధర సంగతి: ఐక్యూ4 150 కొత్తలో కెమెరాతో కలిపి 50 వేల డాలర్ల పైమాట. సీఎఫ్‌వీ 100సీ 907ఎక్స్ బాడీతో కలిపి 8,199 డాలర్లకి వచ్చింది. నా లెన్సు 35 ఎక్స్‌ఎల్, నా ప్లేట్ హాసెల్‌బ్లాడ్ వి, నా పని కదలని రాయి. అందుకని నేను సీఎఫ్‌వీ 100సీ తీసుకున్నాను. మీ లెన్సు రోడెన్‌స్టాక్ 32 అయి, చేతిలో డబ్బు తక్కువుంటే, ఇదే లెక్క మిమ్మల్ని పాత ఐక్యూ3 100 దగ్గరికో, ఐక్యూ180 దగ్గరికో తీసుకెళ్తుంది. అప్పుడు అదే సరైన కొనుగోలు.

ఇక పిక్సెల్స్ లెక్క

ఇది త్వరగా తేలిపోతుంది. ఏ4 సైజు పుస్తకంలో రెండు పేజీలు నిండా ఒక ఫోటో వేయాలంటే 300 డీపీఐ దగ్గర వెడల్పుకి 5,000 పిక్సెల్స్ లోపే చాలు. పాత 39 మెగాపిక్సెల్ బ్యాకే 7,200 ఇస్తుంది. సీఎఫ్‌వీ 100సీ 11,656 ఇస్తుంది, అంటే దాదాపు మీటరు వెడల్పు ప్రింటు. ఐక్యూ4 150 ఇచ్చే 14,204కి 1.2 మీటర్లు. మ్యూజియం గోడకి ప్రింట్లు వేసేవాళ్లకి తప్ప ఈ తేడా కోసం అప్పు చేయాల్సిన పనిలేదు. ఐక్యూ4 నుంచి 16 బిట్ టిఫ్ ఒక్కోటి 900 ఎంబీ దాటుతుంది, మీ కంప్యూటర్ దానికి సిద్ధంగా ఉందో లేదో కూడా చూసుకోండి. పిక్సెల్ చిన్నదయ్యేకొద్దీ ఎఫ్ 16 దాకా మూయడం వల్ల నష్టం ఎక్కువవుతుంది. ఎఫ్ 11 దగ్గరే వెలుతురు చుక్క 15 మైక్రాన్ల వెడల్పుకి పరుచుకుంటుంది, అంటే 3.76 మైక్రాన్ల పిక్సెల్స్ నాలుగు. నేను ఎఫ్ 8, ఎఫ్ 11 దాటను.

"ఇంత గొడవెందుకు, ఫుజీ జీఎఫ్‌ఎక్స్ బాడీని వెనక తగిలిస్తే పోలా?" అని అడిగేవాళ్లున్నారు. లాంగ్ లెన్సులకి పోతుంది. వైడ్‌కి పోదు. ఆ బాడీలో మౌంట్ నుంచి సెన్సర్‌కి 26.7 మి.మీ. లోతుంది, ముందు మౌంట్ రింగు అడ్డుంది. సెన్సర్‌కి దగ్గరగా రావాల్సిన లెన్సు అంత దగ్గరికి రాలేదు, షిఫ్ట్ చేస్తే రింగు నీడ పడుతుంది. బ్యాక్‌లో సెన్సర్ దాదాపు పైకే ఉంటుంది. మనం డబ్బు పెట్టేది దానికే.

షట్టర్, కేబుల్, లైవ్ వ్యూ

ఈ లెన్సుల్లోనే ఉండే కోపాల్ షట్టర్ల తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. మీ లెన్సులో ఉన్నదే మీకు దిక్కు, జాగ్రత్తగా చూసుకోండి. సీసీడీ బ్యాక్ నిద్రలో ఉంటుంది. షట్టర్ తెరుచుకునేలోపే దాన్ని లేపాలి. అందుకు వేకప్ కేబుల్ కావాలి, లేదా బ్యాటరీ తాగేసే జీరో లేటెన్సీ మోడ్‌లో పెట్టాలి. సమయానికి లేవకపోతే ఫ్రేము పాడవుతుంది. సెకండ్ హ్యాండ్ సీసీడీ కొంటుంటే కేబుల్స్ అన్నీ కలిపే అడగండి, విడిగా వెతకడం చాలా టెన్షన్.

కొత్త సీమాస్ బ్యాక్‌లలో ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటుంది. లెన్సు షట్టర్‌ని టీ (మళ్లీ మూసేదాకా తెరిచే ఉండే అమరిక) మీద తెరిచిపెట్టేసి, బ్యాక్ మీదే నొక్కొచ్చు. సెన్సర్ వరుసలు ఒకటొకటిగా చదవడానికి సమయం పడుతుంది కాబట్టి కదిలేవి సాగుతాయి, ట్యూబ్‌లైట్ కింద చారలు వస్తాయి. గుడి లోపల ఎల్‌ఈడీ బల్బులుంటే నేను కోపాల్‌నే వాడతాను.

లైవ్ వ్యూ గురించి గట్టిగా చెప్తాను. సీసీడీలో ఉన్నా లేనట్టే: ఎండలో ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే గాజు) పెట్టాలి, నీడలో నాయిస్ తప్ప ఏమీ కనపడదు. గ్రౌండ్ గ్లాస్ (బొమ్మ పడే గరుకు గాజు) మీద లూప్ (భూతద్దం) పెట్టి ఫోకస్ చేయడమో, లేజర్ మీటర్‌తో దూరం కొలిచి రింగు తిప్పడమో చేయాలి. సీమాస్‌లో 100 శాతం పెంచి చూసి, చెక్కడం మీద గోరంత అంచుకి ఫోకస్ పెట్టొచ్చు. సీఎఫ్‌వీ 100సీ తెర పైకి లేస్తుంది కూడా. లేపాక్షి మండపం పైకప్పు మీద విజయనగర కాలం నాటి బొమ్మలు తీయడానికి కెమెరాని నిలువునా ఆకాశానికి తిప్పినప్పుడు, నేల మీద పడుకోకుండా తెర చూడగలగడం నడుముకి ఎంత మేలో చెప్పలేను.

ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఐక్యూ160, 180 లాంటి సీసీడీలు ఒకటి రెండు నిమిషాలు దాటవు. పీ45 ప్లస్, ఐక్యూ260 గంట దాకా వెళ్తాయి, కానీ ఎక్స్‌పోజర్ ఎంతసేపిస్తే అంతసేపు మళ్లీ డార్క్ ఫ్రేము (నాయిస్ తీసేయడానికి వెలుతురు లేకుండా తీసేది) తీసుకుంటాయి.

సెకండ్ హ్యాండ్ అయితే

మన దగ్గర ఈ బ్యాక్‌ల మార్కెట్ చిన్నది. చాలావరకు బయటి దేశాల నుంచే వస్తాయి. డబ్బు పంపే ముందు అమ్మేవాళ్లని ప్రాసెస్ చేయని రా ఫైళ్లు అడగండి, జేపెగ్‌లు కాదు. నేను అడిగేవి ఇవి: తెల్లగోడని ఫోకస్ తప్పించి తీసిన ఫ్రేము ఒకటి కనిష్ఠ ఐఎస్‌ఓలో, ఒకటి గరిష్ఠ ఐఎస్‌ఓలో, మూత పెట్టి ఆ బ్యాక్ ఇవ్వగలిగినంత సేపు తీసిన నల్ల ఫ్రేము, మీ లెన్సు లాంటిది వాళ్ల దగ్గరుంటే పూర్తి షిఫ్ట్‌లో ఒక ఫ్రేము, దాని ఎల్‌సీసీ.

తెల్ల ఫ్రేముని తెరిచి కాంట్రాస్ట్ బాగా పెంచండి. సీసీడీ సెన్సర్‌ని భాగాలుగా చదువుతారు కాబట్టి, క్యాలిబ్రేషన్ తప్పితే మధ్యలో గీత గీసినట్టు ఎడమ సగం, కుడి సగం వేరుగా కనిపిస్తాయి. దుమ్ము మెత్తటి మచ్చలా ఉంటుంది, తుడిస్తే పోతుంది. గాజు మీద గీత పదునుగా ఉంటుంది, అది ఎప్పటికీ ఉంటుంది. నల్ల ఫ్రేములో నిలువు వరుసలు వెలుగుతున్నాయేమో చూడండి.

ఆ తర్వాత పక్క సామాను. పాత ఫేజ్ వన్ బ్యాక్‌లకి వాడే బ్యాటరీ కేనన్ వీడియో కెమెరాల రకం, దొరుకుతుంది. సీఎఫ్‌వీ 100సీది హాసెల్‌బ్లాడ్ ఎక్స్ కెమెరాల బ్యాటరీయే, యూఎస్‌బీ సీతో ఛార్జ్ అవుతుంది, లోపల 1 టీబీ స్టోరేజీ కూడా ఉంది. పాతవాటిలో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు గుంటలో పిన్నులు వంగాయేమో టార్చ్ వేసి చూడండి. పాత బ్యాక్‌ని కంప్యూటర్‌కి కలపడానికి ఫైర్‌వైర్ ఒక్కటే దారైతే, మీ ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు లేదని ముందే గుర్తుపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ కూడా చూసుకోవాలి: ఫేజ్ వన్, లీఫ్ ఫైళ్లకి క్యాప్చర్ వన్ సొంతిల్లు, హాసెల్‌బ్లాడ్‌కి ఫోకస్ (Phocus) అనే సొంత సాఫ్ట్‌వేర్ ఉంది, లైట్‌రూమ్ కూడా చదువుతుంది.

కస్టమ్స్ లెక్క క్లియరింగ్ ఏజెంట్‌తో ముందే మాట్లాడుకోండి. రిపేరుకో, షూట్‌కో బ్యాక్‌ని మీరే దేశం దాటించి తీసుకెళ్తుంటే, విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబర్‌తో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఇది నాదేనని చూపడానికి ఆ కాగితం పనికొస్తుంది.

బ్యాక్ చేతికొచ్చాక

కెమెరాకి తగిలించి నేరుగా పనికి వెళ్లొద్దు. ముందు ఇన్ఫినిటీ (చాలా దూరంలో ఉన్నవాటి మీద ఫోకస్) చూసుకోండి. బ్యాక్ మారితే సెన్సర్ లోతు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మారొచ్చు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ 35 మి.మీ. లెన్సుకి 0.1 మి.మీ. తేడా అంటే ఫోకస్ ఇన్ఫినిటీ నుంచి 12 మీటర్లకి వచ్చేసినట్టు. 0.05 అంటే 24 మీటర్లకి.

ఊరి బయట సెల్ టవరో, కరెంటు టవరో కనీసం కిలోమీటరు దూరంలో చూసుకోండి. వైడ్ లెన్సుని పూర్తిగా తెరిచి, ట్రైపాడ్ మీద, లైవ్ వ్యూలో 100 శాతం పెంచండి. రింగు 12 మీటర్ల గుర్తు దగ్గరున్నప్పుడు టవర్ షార్ప్‌గా కనిపిస్తే, సెన్సర్ లెన్సుకి 0.1 మి.మీ. ఎక్కువ దగ్గరగా ఉందని అర్థం. ఇది ఇబ్బందే కానీ పని ఆగదు, దూరం గుర్తులు నమ్మకుండా తెర చూసి ఫోకస్ చేస్తే సరి. రింగు చివరిదాకా తిప్పినా టవర్ మెత్తగానే ఉంటే మాత్రం సెన్సర్ దూరంగా ఉంది. అప్పుడు లెన్సు ఇన్ఫినిటీకి చేరనే చేరదు, లైవ్ వ్యూ ఏమీ చేయలేదు. సెన్సర్ మరీ దగ్గరగా ఉంటే సరిచేసేది షిమ్‌లు, అంటే ప్లేట్‌కీ బ్యాక్‌కీ మధ్య పెట్టే పల్చటి రేకులు. ఆల్పా అనే కెమెరా కంపెనీ వాళ్లు 0.01 మి.మీ. తేడాతో వీటిని ఇస్తారు. సెన్సర్ దూరంగా ఉన్నప్పుడు షిమ్ పెడితే ఆ దూరం ఇంకా పెరుగుతుంది, కాబట్టి పాత బ్యాక్ కోసం వేసిన షిమ్‌లు ప్లేట్‌లో ఇంకా ఉంటే ముందు వాటిని తీసి చూడండి.

తర్వాత టవర్‌ని వదిలి ఇటుక గోడ ముందు నిలబడండి. కెమెరా గోడకి సమాంతరంగా ఉండాలి. షిఫ్ట్ లేకుండా ఒకటి, తర్వాత 5, 10, 15, 20 మి.మీ. పైకి, ప్రతిదానికీ ఎల్‌సీసీతో. ఇదే వరుస పక్కలకి కూడా. కంప్యూటర్‌లో వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే, మీ లెన్సు, మీ బ్యాక్ కలిసి ఎక్కడిదాకా నిలబడతాయో తేలిపోతుంది. నా 35 ఎక్స్‌ఎల్‌కి ఆ హద్దు ఎక్కడుందో చిన్న స్టిక్కర్ మీద రాసి లెన్సు పలక మీద అంటించుకున్నాను. ఏఎస్‌ఐ (కేంద్ర పురావస్తు శాఖ) గుళ్లలో ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి కావాలి, ఆ అనుమతి దొరికిన పూట వెలుతురు ఉండేది కాసేపే. అక్కడ నిలబడి షిఫ్ట్ ఎంత పెట్టొచ్చో ఆలోచించే వ్యవధి ఉండదు.